ఇన్సులిన్ పెన్: అమ్మ చేసేది ఎంత, అక్కకి అప్పగించేది ఎంత

నమస్తే అండి. అమ్మకి ఇన్సులిన్ వేసే పని, ఇంట్లో చూసుకునే కేర్‌టేకర్ అక్కకి ఎలా అప్పగించాలో ఈరోజు చూద్దాం. పక్షవాతం వచ్చాక మా అమ్మకి ఎడమ చేయి పనిచేయట్లేదు. కుడి చేయి బాగుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కుడి చేత్తో అయ్యే పని ఏదీ అక్కకి ఇవ్వం.

ముందు షుగర్ చెక్. ఇలా... ఇలా... అంతే, ఇది మీకు తెలిసిందే. నంబరు అమ్మే నోట్‌బుక్‌లో రాస్తుంది.

ఇప్పుడు పెన్. సూది బిగించడానికి రెండు చేతులు కావాలి, అందుకే అది అక్క పని. మందు వస్తోందో లేదో చూడటానికి సూది పైకి పెట్టి, డయల్ 2 యూనిట్లు తిప్పి నొక్కాలి. చుక్క వచ్చింది, చూశారా? రాకపోతే మళ్లీ 2.

అన్నట్టు, ఈ తెల్ల ప్లాస్టర్ ముక్క చూడండి. పెన్ తెరిచిన తేదీ దీని మీద రాస్తాను, మా పెన్ తెరిచాక 28 రోజులే వాడాలి. ఫోన్‌లో రిమైండర్ కన్నా నాకు ఇదే ఇష్టం, అందరికీ కనిపిస్తుంది.

డోసు. అక్క పెన్ పట్టుకుంటే అమ్మ తిప్పుతుంది. అమ్మ "12" అంటుంది, అక్క చూసి "12" అంటుంది. ఇద్దరూ అన్నాకే ముందుకు. ఇది మా అమ్మ డోసు, మీది మీ డాక్టరు చెప్పిందే.

ఇక్కడ కాస్త ఆగుదాం. మొదట్లో నేను అంతా చూపించి, "అర్థమైందా అక్కా?" అన్నాను. "అర్థమైందమ్మా" అంది. ఆఫీసుకి వెళ్లిపోయాను. నాలుగు రోజులైనా షుగర్ దిగలేదు, డోసు పెంచాలేమో అని ఒకటే టెన్షన్. ఆదివారం పక్కన నిలబడి చూశాను. నొక్కిన వెంటనే సూది తీసేస్తోంది, మందు పొట్ట మీద కారుతోంది. నొక్కాక 10 లెక్కపెట్టాలని నేనే చెప్పలేదు. అందుకే "అర్థమైందా" అని అడగకండి. "ఏదీ, ఒకసారి మీరు చేయండక్కా" అనండి. మూడు రోజులు పక్కనే ఉండి చూడండి, మధ్యలో చేయి పెట్టకండి.

డోసు మార్చడం మాత్రం అక్కకి అప్పగించకూడదు. 70 కన్నా తక్కువ వస్తే, మా డాక్టరు చెప్పినట్టు, ఇన్సులిన్ వేయకుండా నాకు ఫోన్. అమ్మ స్పృహలో ఉండి మింగగలిగితేనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్లీ చెక్. ఫ్రిజ్ తలుపు మీద ఇదిగో, రాసి పెట్టాం.

సరే, బొడ్డుకి రెండు వేళ్ల దూరం, నిన్నటి చోటు కాదు. పెన్ అమ్మ చేతిలో ఉంది, నొక్కేది కూడా అమ్మే. లెక్కపెట్టమ్మా... ఎనిమిది, తొమ్మిది, పది. ఇక తీసెయ్.