గర్భిణికి బీపీ ఉన్నప్పుడు రక్త పరీక్షలో 'నార్మల్' అంటే ఏమిటి?

[తెరపై: ల్యాబ్ రిపోర్టు, క్రియాటినిన్ 1.0 చుట్టూ ఎర్ర గీత]

ఈ రిపోర్టులో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) డెసిలీటరుకు 1.0 మిల్లీగ్రాము అని ఉంది. పక్కన ల్యాబ్ అచ్చువేసిన పరిమితికి లోబడే ఉంది. అయినా, 20 వారాలు నిండాక బీపీ 140/90కి చేరిన గర్భిణి రిపోర్టు ఇదైతే వైద్యులు దీన్ని తేలిగ్గా తీసుకోరు. ఆ పరిమితి సాధారణంగా గర్భం లేనివారిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించినది. గర్భధారణలో మూత్రపిండాల వడపోత దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది కనుక క్రియాటినిన్ 0.4 నుంచి 0.8 మధ్యకు దిగుతుంది, మొదట్లో 0.5 ఉన్నవారికి ఇప్పుడు 1.0 వచ్చిందంటే రెట్టింపు అయినట్టే. వేరే కిడ్నీ జబ్బు లేకుండా ఇలా రెట్టింపైనా, 1.1 దాటినా, దాన్ని ప్రీఎక్లాంప్సియాకు, అంటే గర్భం 20 వారాలు నిండాక బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే వ్యాధికి, గుర్తుగా పరిగణిస్తారు. మూత్రంలో ప్రోటీన్ కనిపించకపోయినా సరే.

[తెరపై: మూడు తేదీల ప్లేట్‌లెట్ సంఖ్యలు]

ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు లక్ష కంటే తగ్గితే వ్యాధి తీవ్రమైనట్టు లెక్క. అయితే 2.4 లక్షలు, 1.7 లక్షలు, 1.2 లక్షలు అని వరుసగా పడిపోతున్న సంఖ్యలు, ఏదీ లక్ష లోపు లేకపోయినా, ఎన్నాళ్లుగానో 1.2 లక్షల దగ్గరే నిలిచి ఉన్న సంఖ్య కంటే ఎక్కువ ఆందోళన కలిగించాలి. పాత రిపోర్టులు దాచుకొని వెంట తీసుకెళ్లమనడం ఇందుకే.

కాలేయ పరీక్షల్లో చూడవలసినవి ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు. గరిష్ఠ పరిమితికి రెట్టింపు దాటితే వాటికి ప్రాధాన్యం ఉంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉందని మాత్రం కంగారు పడనవసరం లేదు, ఆ ఎంజైమును మాయ (ప్లాసెంటా) కూడా తయారుచేస్తుంది. కాలేయ ఎంజైములు పెరిగి, ప్లేట్‌లెట్లు తగ్గి, ఎర్ర రక్తకణాలు చిట్లి వాటిలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైము రక్తంలో 600 యూనిట్లు దాటితే అది హెల్ప్ సిండ్రోమ్. 1982లో వైద్యుడు లూయిస్ వైన్‌స్టీన్ పెట్టిన పేరు ఇది. కొందరిలో బీపీ అంతగా పెరగకుండానే ఇది వస్తుంది. కుడి పక్కటెముకల కింద నొప్పి, వాంతులు ఉండటంతో గ్యాస్ నొప్పి అనుకొని ఊరుకునే ప్రమాదం ఉంది.

యూరిక్ యాసిడ్ చాలామందిలో పెరుగుతుంది గానీ ఒక్క దాన్ని బట్టి నిర్ధారణ చేయరు. హిమోగ్లోబిన్ మరీ తికమక పెడుతుంది: రక్తనాళాల నుంచి ద్రవం బయటికి జారి రక్తం చిక్కబడినప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది, చూసినవారు రక్తం పట్టిందని సంతోషిస్తారు.

[తెరపై: మాయ, తల్లి రక్తనాళాల బొమ్మ]

పైవన్నీ అవయవాలకు దెబ్బ తగిలాక మారే సూచికలు. కొత్త పరీక్ష మాయనే పరిశీలిస్తుంది. తగినంత రక్తం అందని మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి అధికంగా విడుస్తుంది. అది రక్తనాళాల లోపలి పొరను కాపాడే పీఎల్‌జీఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకొని పని చేయనివ్వదు. ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉంటే రాబోయే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతానికి పైగా నమ్మవచ్చని 2016లో వెలువడిన ప్రోగ్నోసిస్ అధ్యయనం తేల్చింది. 38 దాటినవారిలో నాలుగు వారాల్లోపు వ్యాధి వచ్చింది నూటికి సుమారు 37 మందికే. కాబట్టి ఈ పరీక్ష భయాన్ని తీర్చడంలో గట్టిది, భయపెట్టడంలో అంత గట్టిది కాదు. పైగా ఆ భరోసా వారానికే. ఈలోగా తీవ్రమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, బీపీ 160/110కి చేరినా నిష్పత్తి ఎంతని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పుతో పరీక్షలు ఆగవు. హెల్ప్ సిండ్రోమ్‌లో ప్లేట్‌లెట్లు ప్రసవం తరువాత ఒకటి రెండు రోజులకు అత్యల్ప స్థాయికి చేరి, ఆపైన కోలుకుంటాయి. అందువల్ల బిడ్డ పుట్టాక కూడా వైద్యులు మళ్లీ మళ్లీ రక్తం తీయిస్తారు.