డంగు సున్నం పని ఎక్కడ నేర్పుతారు?

[దృశ్యం: కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటం. గోడ మీద తాపీ ఆడుతోంది.]

గోల్కొండ కోట పక్కనున్న కుతుబ్ షాహీ సమాధుల మరమ్మతును ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి 2013లో మొదలుపెట్టింది. అది పూర్తయింది 2024లో. ఆ పనిలో పెద్ద భాగం, ఇరవయ్యో శతాబ్దంలో మెత్తిన సిమెంటును చెక్కి తీసేయడమే.

సిమెంటు గట్టిదే కదా, ఎందుకు తీయడం? పాత గోడ తడి పీలుస్తుంది, మళ్లీ ఆరుతుంది. సున్నపు గచ్చు ఆ తడిని బయటికి పోనిస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. అందులోని ఉప్పు పేరుకుని, రాయి పొరలు పొరలుగా రాలుతుంది.

[దృశ్యం: గానుగలో నలుగుతున్న సున్నం]

అందుకే డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బి చేసే సున్నపు గచ్చు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి వేడి కక్కుతుంది. దాన్ని చాలా రోజులు నాననిచ్చి, ఇసుక కలిపి గానుగలో రుబ్బుతారు. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు కలపడం పాత పద్ధతి. గోడకు పూశాక ఇది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ నిదానంగా రాయిలా గట్టిపడుతుంది. ఎండకు గబగబా ఆరితే పగుళ్లే, అందుకే తడి గోనెపట్టాలు కప్పుతారు.

ఈ కొలతలు కాగితం మీద రాయొచ్చు. కానీ ఇవాళ్టి ఇసుకలో ఎంత తడి ఉంది, సున్నం తాపీకి ఎలా అంటుకుంటోంది అన్నది మేస్త్రీ పక్కన నిలబడి, చేత్తో పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. మొదట జల్లెడ పట్టడం, తర్వాత చదును గోడ, ఆ తర్వాతే పూల పని. తొందరపెడితే కుదరదు.

[దృశ్యం: ఢిల్లీ, హుమాయూన్ సమాధి. రంగు పలకలు (టైల్స్)]

ఇదే ట్రస్ట్ చేసిన మరమ్మతులో, హుమాయూన్ సమాధి కప్పు మీద నుంచి పది లక్షల కిలోల కాంక్రీటు దించారు. అక్కడి రంగు పలకలు చేసే విద్య మన దగ్గర అంతరించిపోయింది. ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లను రప్పించి, పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్లకు పనిలోనే నేర్పించారు. నాకు ఎంతో నచ్చిన సంగతి ఇదే.

మన గుళ్లకూ కోటలకూ ఇలాగే జరగాలి. మరమ్మతు టెండర్లోనే, నేర్చుకునేవాళ్ల కూలి కూడా రాయాలి. జీతం లేకుండా ఏ కుర్రాడు ఏళ్ల తరబడి మేస్త్రీ వెంట తిరుగుతాడు?

మీ ఊరి పాత గుడికి పని మొదలవుతోందా? సిమెంటు బస్తాలు దిగకముందే పురావస్తు శాఖ వాళ్లతో మాట్లాడండి. డంగు సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.