చేతి తిమ్మిరికి చల్లటి ప్యాకా, వేడి కాపడమా? మూడు నెలలు వాడి చెప్తున్నా

నమస్తే అక్కా, నమస్తే అన్నా. కడప నుంచి మీ టైలరక్కను. ఈరోజు బ్లౌజ్ కటింగ్ లేదు. ఇదిగో, ఈ నీలం జెల్ ప్యాక్ గురించి చెప్తా. ఫ్రీజర్‌లో పెడితే చల్లగా, వేడినీళ్లలో వేస్తే వెచ్చగా ఉంటుంది. మెడికల్ షాపులో తెచ్చుకుని మూడు నెలలుగా వాడుతున్నా.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో పొద్దస్తమానం చీరలకు ఫాల్స్ కుట్టినా. ఒకరోజు సూది జారి ఒళ్లో పడింది. నాకు తెలీనే లేదు. వేళ్లు మాత్రం దారం లాగుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. భయమేసింది. రాత్రి రెండు గంటలకు మెలకువొచ్చేది, చెయ్యి విదిలిస్తేగానీ తిమ్మిరి వదిలేది కాదు.

డాక్టరమ్మ కార్పల్ టనెల్ అన్నారు. మణికట్టులో ఎముకలకూ, పైనున్న గట్టి పట్టీకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), మీడియన్ అనే నరమూ అందులోంచే పోవాల. లోపల వాస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఆ నరం పోదు. మీకు చిటికెనవేలే తిమ్మిరిగా ఉంటే అది వేరే నరం, డాక్టరుకు చూపించండి.

సాయంత్రం మిషన్ దిగేసరికి మణికట్టు ఉబ్బి మంటగా ఉంటే నేను చల్లటిదే పెడతా. పల్చటి టవల్ చుట్టి, అరచేతి వైపు పది నిమిషాలు. పదిహేను దాటనివ్వను. ఒకసారి బట్ట లేకుండా పెట్టి చర్మం కమిలిపోయింది. మే నెల ఎండకు ఈ ప్యాక్ తొందరగా మెత్తబడుతుంది, అదొక్కటే నచ్చలా.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుని సంగటి కట్టె పట్టలేనప్పుడు వేడి హాయిగా ఉంటుంది. దానికి ఈ ప్యాక్ కన్నా గిన్నెలో గోరువెచ్చటి నీళ్లే మేలు. చెయ్యంతా మునుగుతుంది, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండొచ్చు. వాపు మీద మాత్రం వేడి వద్దు. నేను పెట్టిన రాత్రి పోటు ఇంకా ఎక్కువైంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇది బాగా వినండి. తిమ్మిరెక్కిన చేతికి కాలేది తెలీదు. మా అమ్మ ఇదే ప్యాక్ పెట్టుకుని బొబ్బ లేపుకుంది. వేడి ఎంతుందో ఇంట్లో ఇంకొకరి చేత్తో చూపించుకున్నాకే పెట్టుకోండి.

నాకు నిద్ర పట్టించింది మాత్రం ప్యాక్ కాదు, ఈ స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా రాత్రి చేతికి కట్టుకునే గట్టి కట్టు. నిద్రలో మనం చెయ్యి ముడుచుకుంటాం, మణికట్టు వంగేకొద్దీ ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. ఇది తిన్నగా ఉంచుతుంది. బిగించి కట్టొద్దు. డబ్బులు ఒక్కదానికే ఉంటే స్ప్లింటే కొనండి. ఐస్ ముక్కలు టవల్‌లో చుట్టుకుంటే ప్యాక్ పని అయిపోతుంది. చల్లదనమైనా వేడైనా కాసేపు ఊరట, అంతే. సందును వెడల్పు చెయ్యవు.

చివరగా, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి, నా రెండు అరచేతులు. ఎడమ బొటనవేలి కింద కండ నిండుగా ఉంది. కుడివైపు నరం నలిగి నలిగి కండ తగ్గి కొంచెం లోతుబడింది. చెయ్యి విదిలిస్తూ నేను చాలా నెలలు గడిపేసినా. మీ చేతులు కూడా ఇట్లా పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉన్నా, తిమ్మిరి రోజంతా వదలకున్నా, గ్లాసు చేతిలోంచి జారుతున్నా, ఐస్ పెట్టుకుంటూ కూర్చోవద్దు. ఈ వారమే పోయి నరాల పరీక్ష గురించి అడగండి.