డిటెన్షన్ సెంటర్ కాగితాలు కోర్టుకెళ్లి ఎలా బయటికి లాగుతారు?

[స్క్రీన్ మీద: సగానికి పైగా నల్ల రంగు పూసిన ఒక పేజీ]

ఒక మనిషికి ఆపరేషన్ అయింది. గాయం మానలేదు, మీద కట్టు లేదు, డాక్టర్లు పెట్టిన గొట్టాలు ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. ఆ స్థితిలో అతన్ని తీసుకెళ్లి మిషిగన్‌లో ఒక జైల్లో, మిగతా ఖైదీలందరి మధ్య పడేశారు. మళ్లీ డాక్టరుకి ఎప్పుడు చూపించాలో కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

ఈ మాట అన్నది ఏ సంఘమో కాదండీ. అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖలో పౌర హక్కుల ఆఫీసు ఒకటుంది, అది డబ్బులిచ్చి పెట్టుకున్న నిపుణులే డిటెన్షన్ సెంటర్లకి, అంటే వలసదారుల్ని పట్టుకుని ఉంచే చోట్లకి, వెళ్లి చూసి రాసిన మాట. రాయించుకున్నదీ ప్రభుత్వమే, తాళం వేసుకుని దాచుకున్నదీ ప్రభుత్వమే.

ఆ తాళం తీయించింది ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ. అడిగారు, ఇవ్వలేదు, దావా వేశారు. మూడేళ్లకు పైగా కొట్లాడాక, ప్రభుత్వం సమాచార చట్టాన్ని ఉల్లంఘించిందని జడ్జి తేల్చారు, 2023 ఆగస్టులో 1,600కి పైగా పేజీలు జనం ముందుకొచ్చాయి. అన్నీ 2017 నుంచి 2019 మధ్య తనిఖీలవి. వాటిలో జార్జియా సంగతొకటి: ఆస్తమా ఉన్న మనిషి ఇన్‌హేలర్ కావాలని బతిమాలితే నర్సు పట్టించుకోలేదు, పైగా పరీక్ష చేసినట్టు రికార్డులో దొంగరాత రాసింది.

సరే, ఈ దావా ఎలా నడుస్తుంది?

మనకి ఆర్టీఐ ఉన్నట్టే అక్కడ ఫోయా అనే చట్టం ఉంది, 1966 నాటిది. మన ఆర్టీఐ భారత పౌరులకే, ఫోయా కింద మాత్రం ఎవరైనా అడగొచ్చు, పౌరసత్వంతో పనిలేదు. మన దగ్గర ఇవ్వకపోతే అప్పీల్, ఆ తర్వాత సమాచార కమిషన్. అక్కడ కమిషన్ లాంటిది లేదు, చివరికి ఫెడరల్ కోర్టే.

[స్క్రీన్ మీద: 20 పని దినాలు]

అర్జీ అందాక 20 పని దినాల్లో జవాబివ్వాలి, పని కష్టమైతే ఇంకో 10. "ఇవ్వం" అని రాతపూర్వకంగా చెబితే ముందు అప్పీల్ చేసుకోవాలి. కానీ గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదనుకోండి, అప్పీల్ అక్కర్లేకుండా నేరుగా కోర్టుకి పోవచ్చు. ఈ డిటెన్షన్ సెంటర్లు చూసుకునే వలసల శాఖ ఐసీఈ లాంటి ఆఫీసుల్లో గడువు దాటడం మామూలే కాబట్టి చాలా దావాలు ఈ దారినే వెళ్తాయి. ఫీజు 405 డాలర్లు. మీరున్న చోటి జిల్లా కోర్టులోనో, వాషింగ్టన్ డీసీలోనో వేయొచ్చు. నష్టపరిహారం మాత్రం రాదు, గెలిస్తే కాగితాలు, ఒక్కోసారి లాయరు ఖర్చులు, అంతే.

అడగడంలోనే సగం కేసు ఉంటుంది. "డిటెన్షన్‌లో పరిస్థితుల గురించి మొత్తం ఇవ్వండి" అంటే ఏళ్లు గడిచిపోతాయి. ఫలానా సెంటర్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, తనిఖీ రిపోర్టులు, ఫిర్యాదుల రిజిస్టరు, కాంట్రాక్టు, ఇలా పేరు పెట్టి అడగాలి. వాళ్లిచ్చే ట్రాకింగ్ నంబర్, ఈమెయిళ్లు పారేయకండి, రేపు కోర్టులో అవే సాక్ష్యం. వేరే మనిషి ఫైలు కావాలంటే ఆ మనిషి సంతకంతో అనుమతి కావాలి.

దావా పడగానే కట్టలు కట్టలుగా వచ్చేస్తాయనుకోకండి. జడ్జి గడువులు పెడతారు, నెలకి 500 పేజీలు అన్నట్టు విడతలుగా వస్తాయి. వచ్చిన పేజీల్లో మళ్లీ నల్ల రంగు! దాచడానికి చట్టంలో 9 మినహాయింపులున్నాయి: వ్యక్తిగత వివరాలు, పోలీసు పద్ధతులు, వ్యాపార రహస్యాలు, ఇలా. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. 1973లో వాన్ కేసులో కోర్టు ఒక పద్ధతి పెట్టింది, ఏది దాచారో, ఏ మినహాయింపు కింద దాచారో, ఎందుకో పట్టిక వేసి చూపించాలి. దాన్నే వాన్ ఇండెక్స్ అంటారు. "అది రహస్యం" అని ఊరికే చేతులు దులుపుకుంటే కోర్టులో చెల్లదు.

వ్యాపార రహస్యం దగ్గర ఒక కేసు చెప్పాలి. అమెరికాలో ఈ సెంటర్లు ఎక్కువగా ప్రైవేటు కంపెనీలే నడుపుతాయి. జియో గ్రూప్, కోర్‌సివిక్ అందులో పెద్దవి. ఒక్కో మంచానికి రోజుకి ప్రభుత్వం ఎంత కడుతోంది, సిబ్బంది ఎంతమంది, ఈ లెక్కల కోసం డిటెన్షన్ వాచ్ నెట్‌వర్క్, సెంటర్ ఫర్ కాన్‌స్టిట్యూషనల్ రైట్స్ అనే హక్కుల సంఘాలు కలిసి 2014లో న్యూయార్క్‌లో దావా వేశాయి. 2016లో గెలిచాయి. తమాషా ఏంటంటే ప్రభుత్వం అప్పీల్‌కి పోలేదు, కంపెనీలే పోయాయి! 2017లో సుప్రీంకోర్టు కూడా వాళ్ల పిటిషన్ వినడానికి ఒప్పుకోలేదు. పన్ను డబ్బుతో కట్టే రేటు రహస్యమెలా అవుతుందండీ?

మనకెందుకు ఇదంతా అంటారా? 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ గుర్తుంది కదా, ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన దొంగ కాలేజీ. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, చాలామంది తెలుగు పిల్లలు. డిటెన్షన్ సెంటర్ అనే మాట మన ఇళ్లల్లో గట్టిగా వినపడింది అప్పుడే.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ తనిఖీలు చేయించిన పౌర హక్కుల ఆఫీసులో 2025 మార్చిలో దాదాపు సిబ్బంది మొత్తాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఉన్న కాగితం చూపించమనడానికే ఫోయా, కొత్తగా రాయమని అడగడానికి కాదు. కాబట్టి ఇక మీద అర్జీల్లో నిపుణుల రిపోర్టుల కోసమే కాకుండా క్లినిక్ రిజిస్టర్లు, ఎమర్జెన్సీ నంబర్ 911కి చేసిన కాల్స్, కంపెనీలు పంపిన బిల్లులు, ఇలాంటి వాటి కోసం కూడా వెతకాల్సి వస్తుంది. వచ్చే వీడియోలో ఒక నమూనా అర్జీ తెరిచి వరుసగా చదువుదాం.