ఒక్క పాయింటు తేడా

శ్రోతలకు నమస్కారం. ఇవాళ మిక్ ఓడ్వయర్ అనే కోచ్ గురించి. ఐర్లండ్‌లో ఆడే గేలిక్ ఫుట్‌బాల్‌లో గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలోకి పోతే గోలు, అంటే మూడు పాయింట్లు. (దూరం నుంచి కొడితే రెండు ఇవ్వడం 2025లో వచ్చింది, అది పక్కన పెడదాం.) 1-15 అని స్కోరు చెప్పారంటే ఒక గోలు, పదిహేను పాయింట్లు, మొత్తం పద్దెనిమిది. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి.

మిక్ ఓడ్వయర్ 1936లో కెర్రీ కౌంటీలోని వాటర్‌విల్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఎవరి కౌంటీకి వాళ్లే ఆడతారు, జీతం ఉండదు. ఊళ్లో గ్యారేజీ, హోటలు నడుపుకుంటూనే ఆయన కెర్రీకి ఆటగాడిగా నాలుగుసార్లు అఖిల ఐర్లండ్ టైటిల్ గెలిచారు: 1959, 1962, 1969, 1970. మధ్యలో రెండు కాళ్లూ విరిగాయి. 1966లో ఆట మానేసి, 1968లో మళ్లీ దిగారు. చివరి రెండు టైటిళ్లూ ఆ తర్వాతవే.

1975లో కెర్రీ కోచ్ అయ్యాక ఆయన ముందు పట్టుకున్నది ఊపిరి సంగతి. ఈ ఆటలో బంతి చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకు మించి వేయకూడదు. ఆలోగా నేలకు కొట్టి అందుకోవాలి, లేదా పాదం మీద పడేసి, వేళ్లతో తిరిగి చేతుల్లోకి లేపాలి. దాన్ని సోలో అంటారు. వరసగా రెండుసార్లు నేలకు కొట్టకూడదు. సోలోలో బంతి నడుము దాటి లేచిందా, ప్రత్యర్థి చెయ్యి దూర్చి తన్నుకుపోతాడు. చేత్తో పాస్ ఇవ్వాలన్నా విసరకూడదు, కొట్టాలి. అది ఎక్కువ దూరం పోదు. కాబట్టి అందుకునేవాడు పక్కనే పరిగెడుతూ ఉండాలి, ఇచ్చినవాడూ ఆగకుండా ముందుకు పోవాలి. దానికి దమ్ము కావాలి. అందుకే కిల్లార్నీ మైదానంలో ఈ కంచె నుంచి ఆ కంచెకి పరుగులు. కుర్రాళ్లు ఆ పరుగులకు 'వైర్ టు వైర్' అని పేరు పెట్టారు. 1975 నుంచి 1986 దాకా ఎనిమిది టైటిళ్లు వచ్చాయి.

తొమ్మిదోది 1982లో జారిపోయింది. వరసగా ఐదోది కావలసిన ఫైనల్, వానలో. ఆ ఆటలో కెర్రీ పెనాల్టీని ఆఫలీ కౌంటీ గోల్‌కీపర్ మార్టిన్ ఫర్లాంగ్ ఆపేశాడు. అయినా ఆట ముగియబోతుండగా కెర్రీ 17, ఆఫలీ 15. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన షేమస్ డార్బీ ఎత్తుగా వచ్చిన బంతి అందుకుని వల పైకప్పుకు కొట్టాడు. డార్బీ తమ ఆటగాణ్ని వీపు మీద నెట్టాడని కెర్రీవాళ్లు ఇప్పటికీ అంటారు. 1-15, 0-17. ఒక్క పాయింటు. మరుసటి ఏడు మన్‌స్టర్ అనే ప్రాంతపు పోటీ ఫైనల్లో కార్క్ కౌంటీ చేతిలోనూ అంతే: చివరి క్షణాల గోలు, ఒక్క పాయింటు తేడా. కానీ అదే బృందంతో 1984, 85, 86 గెలుచుకొచ్చారు.

తర్వాత కిల్డేర్ కౌంటీకి కోచ్‌గా వెళ్లి, 42 ఏళ్లుగా లేని లెన్‌స్టర్ ప్రాంతపు టైటిల్‌ను 1998లో తెచ్చిపెట్టారు. ఆ ఏడు అఖిల ఐర్లండ్ సెమీఫైనల్లో ఎదురైంది కెర్రీయే. కెర్రీ కోచ్ పాడీ ఓషే, ఒకప్పుడు ఈయన దగ్గరే ఆడినవాడు. కిల్డేర్ జట్టులో ఓడ్వయర్ కొడుకు కార్ల్ ఉన్నాడు. కిల్డేర్ 0-13, కెర్రీ 1-9. లెక్క వేసి చూసుకోండి.