సబ్మిట్ నొక్కేముందు

శ్రోతలకు నమస్కారం.

దసరా సెలవుల్లో మా గల్లీ అమ్మాయి ఒక నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న మెహిదీపట్నంలో ఆటో నడుపుతాడు. అమెరికాలో డిగ్రీ చదవాలని ఎనిమిది కాలేజీలు రాసుకుంది. దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి సుమారు 75 డాలర్లు వేసుకుంటే మొత్తం 600. మన రూపాయల్లో 50 వేలు దాటింది.

"సీటొస్తదో రాదో తెల్వదు సార్, ముందుగాలనే ఇంత కట్టాల్నా?"

కట్టక్కర్లేదు, మాఫీ అడుగమ్మా అన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ల నాన్న "రుణమాఫీ లెక్కనా సార్?" అని నవ్వాడు. దాదాపు అంతే. కాకపోతే రుణమాఫీ సర్కారు ప్రకటిస్తే వస్తుంది, దీన్ని మనమే అడిగి తెచ్చుకోవాలి.

ఆ అడగడమే మనకు రాదు. మన దగ్గర రాయితీ ఎవరికన్నది నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అమ్మాయిలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు 1,600 కట్టారు, మిగతావాళ్లు 3,200. ఎవరినీ బతిమాలే పని లేదు.

అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు కామన్ యాప్ అనే ఒకే దరఖాస్తును తీసుకుంటాయి. అందులో ప్రొఫైల్ అనే భాగంలో ఫీ వేవర్, అంటే ఫీజు మాఫీ గురించి ప్రశ్న ఉంటుంది. తెరవగానే స్కూల్లో ఉచిత భోజనం, అక్కడి ప్రభుత్వ సాయం, అన్నీ అమెరికా పిల్లల సంగతులే కనిపిస్తాయి. ఇది మనకు కాదులే అని మన పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఆ జాబితాలోనే మనకు పనికొచ్చేది ఒకటుంది. ఇంటి ఆర్థిక పరిస్థితి గురించి స్కూలు అధికారి గానీ, తెలిసిన పెద్దమనిషి గానీ రాసిచ్చే ఉత్తరం. అక్కడి స్కూళ్లలో ఈ పనులు చూసే కౌన్సెలర్ మన జూనియర్ కాలేజీలో ఎక్కడుంటాడు? ప్రిన్సిపాల్ చేత రాయించుకోవాలి. మీసేవలో తీసుకున్న ఆదాయ సర్టిఫికెట్ దగ్గరుంటే ఆయనకూ ధైర్యం.

విదేశీ పిల్లలకు మాఫీ ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ కాలేజీ ఇష్టం. అందుకని అడ్మిషన్ ఆఫీసుకు విడిగా ఒక ఈమెయిల్ పంపాలి. మా అమ్మాయి తెచ్చిన చిత్తుప్రతి "ఐ బెగ్ టు స్టేట్" అని మొదలై "విత్ ఫోల్డెడ్ హ్యాండ్స్" అని ముగిసింది. రెండూ కొట్టేశాం. నాన్న ఏం చేస్తాడు, నెలకు ఎంతొస్తుంది, ఇంట్లో ఎంతమంది, ఈ ఫీజు ఎందుకు బరువు. అయిదు వాక్యాల్లో అయిపోయింది. కన్నీళ్లు అక్కర్లేదు, అబద్ధం అసలే వద్దు. డబ్బు కట్టి సబ్మిట్ నొక్కాక అడిగితే మాత్రం లాభం లేదు.

అసలు ఫీజే తీసుకోని కాలేజీలూ ఉన్నాయి. స్మిత్, గ్రినెల్, కోల్బీ అలాంటివే. మంచి పేరున్న కాలేజీలే, మన కన్సల్టెన్సీల బోర్డుల మీద కనిపించవంతే.

ఎం.ఎస్.కు వెళ్లేవాళ్లకు ఇంత సులువు కాదు. చాలా యూనివర్సిటీలు మాఫీని తమ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే ఇస్తాయి. ఆ పేజీ ముందే చదివితే ఈమెయిల్ రాసే శ్రమ తప్పుతుంది. కొన్ని మాత్రం ఆన్‌లైన్ పరిచయ సభలకు హాజరైనవాళ్లకు మాఫీ కోడ్ పంపుతాయి. ఇక అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో "అప్లికేషన్ ఫీ ఫ్రీ" అనే బోర్డుల సంగతి. కొన్ని కన్సల్టెన్సీలకు, చేరిన ప్రతి విద్యార్థికీ కాలేజీ కమీషన్ ఇస్తుంది. అప్పుడు మీ చేతికొచ్చే జాబితాలో ఆ కాలేజీలే ఉంటాయి. ఆ ఫ్రీ ఎవరి జేబులోంచి వస్తోందో అడగడానికి మొహమాటపడకండి.

మన రాష్ట్రంలో విదేశాల్లో చదివే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది కదా అంటారు. 20 లక్షల దాకా ఇస్తారు, గొప్ప సాయం. కానీ అది సీటొచ్చాక సంగతి, పైగా పీజీ వాళ్లకు. దరఖాస్తు పెట్టే రోజున జేబులోకి రాదు.

మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. ఎనిమిదింటిలో రెండింటికి ఫీజే లేదని తేలింది. మూడు మాఫీ చేశాయి, ఒకటి కుదరదంది. రెండింటి నుంచి ఇంకా జవాబు రాలేదు. వాళ్ల నాన్న చిలుకూరు వీసా బాలాజీ గుడికి పోయి ప్రదక్షిణలు చేసొద్దామా అన్నాడట.

"వీసా దాకా ఇంకెక్కడ నాన్నా, ఇంకా ఫీజు కాడనే ఉన్నం" అందట.