కుక్కర్ విజిల్ లెక్కపెట్టే డబ్బాకి పేటెంట్ వస్తుందా?

అందరికీ నమస్కారం. బల్ల మీద ఏమున్నాయో ముందు చూపిస్తాను. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా, ఓ కాగితాల బొత్తి. డబ్బా చేసే పని ఒక్కటే. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్కపెట్టి, మీరు పెట్టిన నంబరు రాగానే పీప్ పీప్ మంటుంది. "ఇది రెండోదా, మూడోదా?" అని వంటింట్లోంచి హాల్లోకి కేకలు వేసే పని ఉండదు. ఈ డబ్బాకి పేటెంట్ ఎలా వేయాలి, ఎంతవుతుంది, ఎక్కడ బోల్తా పడతారు, ఇవే ఇవాళ్టి విషయాలు. మీ దగ్గరున్నది కలుపు తీసే బండి అయినా, కొబ్బరికాయ పీచు తీసే మిషన్ అయినా దారి ఇదే.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. మీరు నిజంగా ఇలాంటి డబ్బా చేసి ఉంటే, ఇలాంటి వీడియో ఇప్పుడే తీయొద్దు. అప్లికేషన్ పడకముందు యూట్యూబ్‌లో పెట్టినా, టెక్ ఫెస్ట్‌లో స్టాల్ వేసి చూపించినా, నాలుగు పీసులు అమ్మినా అది లోకానికి తెలిసిపోయిన విషయం కిందికి వస్తుంది. రేపు పేటెంట్ ఆఫీసులో అప్లికేషన్ పరిశీలించే ఎగ్జామినర్ మీ వీడియోనే తీసి మీకే చూపిస్తాడు. అమెరికాలో అయితే మీరే బయటపెట్టిన దానికి ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో ఆ 12 నెలల మినహాయింపు చాలా ఇరుకు: కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో పెట్టడం, విద్వత్ సంఘం ముందు పేపర్ చదవడం లాంటి కొన్నిటికే. కాలేజీ ఫెస్ట్ అందులోకి రాదు, ఎంత పెద్ద షామియానా వేసినా సరే.

ఇక చట్టం. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3 ఉంది. ఏవేవి ఆవిష్కరణలు కావో అందులో రాశారు. మన కుక్కర్‌నే పట్టుకుని చూద్దాం.

ఒక్కసారి వెలిగిస్తే చాలు, తన ఆవిరితో తనే వేడెక్కుతూ జీవితాంతం ఉడికించే కుక్కర్ కనిపెట్టామన్నారనుకోండి, 3(ఎ). ప్రకృతి సూత్రాలకి విరుద్ధం, తలుపు దగ్గరే ఆపేస్తారు. మూత హ్యాండిల్‌కి టార్చిలైటు అతికిస్తే 3(ఎఫ్). లైటు పని లైటుది, కుక్కర్ పని కుక్కర్‌ది, రెండూ కలిసి కొత్తగా చేసిందేమీ లేదు. మన దగ్గర ఇన్నోవేషన్ పేరుతో చెలామణీ అయ్యే వాటిలో చాలా భాగం ఈ టార్చిలైటు బాపతే. ఫోన్ మైకుతో విని లెక్కపెట్టే యాప్ అంటారా, 3(కె), వట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వరు. విజిల్‌కో చింతపిక్క పక్కన పెట్టే పద్ధతి అంటే 3(ఎం), మనసులో లెక్కలు వేసుకునే పద్ధతులు కూడా బయటే. ఆ కుక్కర్‌లో అమ్మమ్మ చెప్పినట్టు కషాయం కాచి దానికి పేటెంట్ అడిగితే 3(పి), సంప్రదాయ జ్ఞానం.

ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి. గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చేసింది, నంబరు 5,401,504. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వెళ్లి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. పసుపు సంగతి మా దేశంలో అందరికీ తెలుసు అని చెబితే సరిపోలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో నోటిమాటగా ఉన్నది చెల్లదు, రాతలో కనపడాలి. పాత సంస్కృత గ్రంథంతోపాటు, 1953లో జర్నల్ ఆఫ్ ది ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌లో అచ్చయిన పేపర్ కూడా చూపించాల్సి వచ్చింది. తరతరాలుగా ఒంటికి పూసుకున్న పసుపుకి కాగితం ముక్క సాక్ష్యం కావాల్సి వచ్చిందన్నమాట.

అమెరికా అనగానే ఇంకొకటి చెప్పాలి. లేజర్ పాయింటర్ చుక్క చూపించి పిల్లిని పరిగెత్తించే పద్ధతికి అక్కడ 1995లోనే పేటెంట్ వచ్చింది. ఆస్ట్రేలియాలో 2001లో ఒకాయన ఏకంగా చక్రానికే ఇన్నోవేషన్ పేటెంట్ తీసుకున్నాడు. ఆయనకి చక్రం మీద ఆశేమీ లేదు, ముందుగా పరిశీలించకుండా ఇచ్చే పద్ధతి ఎంత అధ్వానమో చూపించడానికే వేశాడు. మన దగ్గర పరిశీలన లేకుండా పేటెంట్ రాదు. అది విసుగనిపిస్తుంది కానీ మంచిదే.

ఇప్పుడు వెతకడం. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ల ఎస్పాస్‌నెట్, మన పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్. మూడూ ఉచితమే. అందరూ చేసే తప్పు ఏమిటంటే "విజిల్ కౌంటర్" అని కొట్టి, పది రిజల్ట్స్ చూసి, మనదే కొత్త అనుకోవడం. పేటెంట్ రాసేవాళ్లు విజిల్‌ని విజిల్ అనరు. ప్రెషర్ రెగ్యులేటింగ్ వెయిట్ అంటారు, వెంట్ వెయిట్ అంటారు, స్టీమ్ రిలీజ్ అంటారు. అందుకే మాటతోపాటు, పేటెంట్లని విషయాన్ని బట్టి విడగొట్టే వర్గం కోడ్‌తోనూ వెతకండి. ప్రెషర్ కుక్కర్లది ఏ47జె 27/08. ఆ కోడ్ పెట్టి, పక్కన అకౌస్టిక్ సెన్సార్ అని, ఇంకోసారి వైబ్రేషన్ అని, ఇంకోసారి కౌంటర్ అని వెతకండి. కనీసం రెండు సాయంత్రాలు దీనికే కేటాయించండి.

అలా వెతికితే దిమ్మ తిరుగుతుంది. విజిల్ లెక్కపెట్టే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి! అయితే కంగారు పడకండి. అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మైకుతో వినే డబ్బా మిక్సీ తిరిగితే తప్పు లెక్క వేస్తుంది. కిటికీ తెరిచి ఉంటే పక్కింటి వాళ్ల విజిల్‌ని కూడా మన పప్పు ఖాతాలో రాసేస్తుంది. గాస్కెట్ పాతదైతే పక్కనుంచి ఉస్సుమని కారే ఆవిరిని కూడా విజిల్ అనుకుంటుంది. మన డబ్బా ఏం చేస్తోందంటే, ఇదిగో, దగ్గరగా చూడండి, ఈ క్లిప్పు హ్యాండిల్‌ని పట్టుకుంటుంది. వెయిట్ లేచి కొట్టుకున్నప్పుడు హ్యాండిల్ అదురుతుంది. ఆ అదురూ, మైకులో పడ్డ శబ్దమూ రెండూ ఒకేసారి, ఒకటిన్నర సెకను పాటు ఉంటేనే ఒక విజిల్ కింద లెక్క. తర్వాత 5 సెకన్లు ఏమీ వినదు, తెగి తెగి వచ్చే విజిల్‌ని రెండుగా లెక్కపెట్టకుండా. మిక్సీకి శబ్దం ఉంది, ఈ హ్యాండిల్‌లో అదురు లేదు. పక్కింటి కుక్కర్ సంగతీ అంతే. కొత్తదనం అంటూ ఉంటే ఇక్కడే ఉంది, ఈ రెండు సెన్సార్ల పొత్తులో.

ఇలా ఇబ్బందిని సన్నగా పట్టుకోవడమే సగం పని. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు చేసింది అదే. ఆయన మొత్తం మగ్గాన్ని మార్చలేదు. చీరకి ఆసు పోసేటప్పుడు, అంటే నేతకి ముందు నూలు పేర్చేటప్పుడు, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగడం ఒక్కటే పట్టుకున్నారు. లక్ష్మీ ఆసు యంత్రం అక్కడినుంచే వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా.

సరే, క్లెయిమ్. పేటెంట్‌లో మీ పొలం గట్టు ఇదే. గట్టు లోపలిదే మీది, మిగతా ముప్ఫై పేజీలూ వర్ణన. ఒక్క క్లెయిమ్ ఒక్క వాక్యంలోనే ఉండాలి. మూడు రకాలుగా రాసి చూద్దాం.

మొదటిది: "కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పరికరం." ఊరంతా నాదే అన్నట్టుంది. ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఎగ్జామినర్ ఇచ్చే మొదటి రిపోర్టులోనే పోతుంది.

రెండోది: "నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలో 3 వోల్టుల బటన్ సెల్‌తో, ఒకటిన్నర సెకను లెక్కతో పనిచేసే పరికరం." ఇది రావచ్చు. వచ్చినా దండగే. పక్కవాడు ఆకుపచ్చ డబ్బాలో పెట్టి అమ్ముకుంటాడు, మీరు చూస్తూ ఉంటారు.

మూడోది: "ప్రెషర్ కుక్కర్ హ్యాండిల్‌కి తగిలించే బిగింపు, ఆ బిగింపు ద్వారా అదురును గుర్తించే మొదటి సెన్సార్, ఆవిరి శబ్దాన్ని గుర్తించే రెండో సెన్సార్, ఈ రెండు సంకేతాలూ ముందుగా నిర్ణయించిన కాలంపాటు ఒకేసారి ఉన్నప్పుడు మాత్రమే ఒకటిగా లెక్కించే కంట్రోలర్, లెక్క నిర్ణీత సంఖ్యకి చేరినప్పుడు హెచ్చరించే భాగం గల పరికరం." ఒకటిన్నర సెకను, 5 సెకన్ల విరామం, క్లిప్పులోని రబ్బరు మెత్త, ఇవన్నీ దీని మీద ఆధారపడే 2, 3, 4 క్లెయిముల్లోకి పోతాయి. మెయిన్ క్లెయిమ్ కూలిపోతే వెనక్కి తగ్గి నిలబడడానికి అవి మెట్లు.

ఇంత రాసినా ఎగ్జామినర్ రెండు పాత డాక్యుమెంట్లు తీసి, ఒకదాంట్లో మైకు ఉంది, ఇంకోదాంట్లో అదురు సెన్సార్ ఉంది, కలపడం ఎవరికైనా తడుతుంది అంటాడు. దానికి జవాబు అంకెల్లోనే ఉంటుంది. మిక్సీ ఆన్ చేసి 100 విజిల్స్ వేయించండి. మైకు ఒక్కటే ఉన్నప్పుడు ఎన్ని తప్పులు, రెండూ ఉన్నప్పుడు ఎన్ని, పట్టిక రాయండి. వంద విజిల్స్ అంటే గ్యాస్ ఖర్చే, పప్పు అక్కర్లేదు, నీళ్లు పోసి చేయండి, నీళ్లు అయిపోకుండా చూసుకోండి. ఆ పట్టిక కంప్లీట్ స్పెసిఫికేషన్‌లోనే, అంటే క్లెయిములతో సహా ఇచ్చే పూర్తి వివరణ పత్రంలోనే, పెట్టాలి. అది దాఖలయ్యాక కొత్త విషయం చేర్చడానికి చట్టం ఒప్పుకోదు.

కాగితాలూ డబ్బులూ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకి చెన్నై పేటెంట్ ఆఫీసు. స్పెసిఫికేషన్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు తీసుకోరు. ఆన్‌లైన్‌లో వేయడానికి క్లాస్ 3 డిజిటల్ సంతకం తీసుకోండి. ఫారం 1 అప్లికేషన్, ఫారం 2 స్పెసిఫికేషన్, ఫారం 3 విదేశాల్లో వేసిన వివరాలు. మామూలు వ్యక్తికి, స్టార్టప్‌కి, చిన్న సంస్థకి ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. స్టార్టప్, చిన్న సంస్థ అయితే ఫారం 28 జత చేయాలి. 30 పేజీలు, 10 క్లెయిములు దాటితే పేజీకి 160, క్లెయిమ్‌కి 320 అదనం.

డబ్బా ఇంకా పూర్తి రూపుకి రాలేదంటే ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక స్పెసిఫికేషన్, వేయండి. క్లెయిములు అక్కర్లేదు, దాఖలు తేదీ దొరుకుతుంది. సరిగ్గా 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, దానితో కనిపెట్టింది ఎవరో చెప్పే ఫారం 5 పడాలి. లేకపోతే ఆ తేదీ పోయినట్టే. ప్రొవిజనల్ అంటే రెండు పేరాల కథ అనుకుంటారు చాలామంది, అది పెద్ద తప్పు. రెండు సెన్సార్ల సంగతి అందులో లేకుండా తర్వాత చేరిస్తే, ఆ ముక్కకి పాత తేదీ వర్తించదు.

బొమ్మలు ఏ4 మీద. పైన, ఎడమ 4 సెంటీమీటర్లు, కింద, కుడి 3 సెంటీమీటర్లు ఖాళీ. బొమ్మ మీద మాటలు రాయకండి, నంబర్లే వేయండి, క్లిప్పు 10, మొదటి సెన్సార్ 12 అన్నట్టు. అదే నంబరు వివరణలో కూడా ఉండాలి. బొమ్మలో 12, వివరణలో 14 అయితే అక్కడే మొదలవుతుంది తంటా. టైటిల్ 15 మాటలు, సారాంశం 150 మాటలు దాటకూడదు.

18 నెలలకి అప్లికేషన్ ప్రచురిస్తారు. కానీ పరీక్ష దానంతటది మొదలు కాదు, మీరు ఫారం 18తో 4,000 కట్టి అడగాలి. 2024 సవరణ తర్వాత గడువు 31 నెలలు, అదీ ప్రయారిటీ తేదీ, అంటే మొట్టమొదట దాఖలు చేసిన తేదీ, నుంచి. ప్రొవిజనల్ వేసిన రోజు నుంచే గడియారం తిరుగుతోందన్నమాట. పాత వీడియోలు 48 నెలలు అంటుంటాయి, నమ్మకండి. మరిచిపోతే ఉపసంహరించుకున్నట్టే. మహిళా దరఖాస్తుదారులు, స్టార్టప్‌లు, ఇంకా కొందరు ఫారం 18ఏ పెట్టి తొందరగా అడగొచ్చు, ఫీజు 8,000. మొదటి రిపోర్టు వచ్చాక 6 నెలల్లో జవాబు, ఫారం 4తో ఇంకో 3 నెలలు. ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిందంటే ఎవరూ జాలిపడరు, ఫైలు స్టేటస్ నెలకోసారి మీరే చూసుకోండి.

పేటెంట్ వస్తే దాని ఆయుష్షు 20 ఏళ్లు, లెక్క మాత్రం దాఖలు తేదీ నుంచి. మూడో ఏడాది నుంచి రెన్యూవల్: 6 వరకు ఏడాదికి 800, 10 వరకు 2,400, 15 వరకు 4,800, ఆఖరి ఐదేళ్లు 8,000. మొత్తం 76,800 అవుతుంది. నాలుగేళ్లవి ముందే ఆన్‌లైన్‌లో కడితే 10 శాతం తగ్గింపు. డబ్బా అమ్ముడుపోకపోతే ఏడో ఏట ఆపేయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మిగతావి గబగబా. డబ్బాకి "విజిలయ్య" అని పేరు పెడితే అది ట్రేడ్‌మార్క్, ఒక క్లాస్‌కి 4,500. డబ్బా ఆకారం మాత్రమే కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్, 10 ఏళ్లు, ఇంకో 5 పెంచుకోవచ్చు. లోపలి కోడ్, వాడే విధానం కరపత్రం, వీటికి కాపీరైట్, రాసిన క్షణంలోనే వచ్చేస్తుంది. విదేశంలో ముందు వేయాలనుకునే ఇక్కడి నివాసులు సెక్షన్ 39 ప్రకారం అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. డల్లాస్‌లో ఉన్న బావమరిది వేసేస్తానంటే, కనిపెట్టింది ఇక్కడ కూర్చున్న మీరైతే, ఆ అనుమతి లేకుండా వేయించకండి.

చివరగా డబ్బా అడుగున అంటించే ఈ స్టిక్కర్. ఇంకా గ్రాంట్ కాలేదు కాబట్టి "పేటెంటెడ్" అని వేయకూడదు, సెక్షన్ 120 కింద పెనాల్టీ 10 లక్షల దాకా పోవచ్చు. "పేటెంట్‌కి దరఖాస్తు చేశాం" అని వేసి, పక్కన అప్లికేషన్ నంబరు రాయండి. హ్యాండిల్ వైపు కాకుండా ఇటు అంటించండి, అటు ఆవిరి తగిలి ఊడిపోతుంది.